క్రెడిట్ ఉన్నంత మాత్రాన నమ్మొచ్చా? దంతవైద్యుల నిరంతర విద్యలో మూలాల లెక్క

దంతవైద్యంలో డిగ్రీ చేతికొచ్చాక చదువు అయిపోదు. చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే ఇన్ని గంటలు లేదా ఇన్ని పాయింట్లు చదివినట్టు చూపించాల్సిందే. దీన్ని కొన్నిచోట్ల సీడీఈ (నిరంతర దంత విద్య) అంటారు, కొన్నిచోట్ల సీపీడీ (నిరంతర వృత్తి అభివృద్ధి) అంటారు. పేరేదైనా, కాలేజీలో నేర్చుకున్నది పాతబడిపోకుండా చూడటమే దీని పని.

గడువు దగ్గరపడేసరికి ఫోన్ నిండా ఆహ్వానాలే. ఉచిత వెబినార్, రెండు క్రెడిట్లు. వారాంతపు ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతమూలం) కోర్సు, సర్టిఫికెట్ గ్యారంటీ. ఇంట్లో కూర్చుని రికార్డింగ్ చూసి, పది ప్రశ్నలకు టిక్కులు పెడితే మూడు క్రెడిట్లు. వీటిలో దేన్ని ఎంచుకోవాలి అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఈ గంటలు నా లెక్కలో పడతాయా అన్నది మొదటిది. ఇక్కడ చెప్పేది నిజమేనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదానికి కూడా దొరికిందనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

గుర్తింపు ఎవరికి ఇస్తారు?

అమెరికాలో కోర్సు ప్రకటనల మీద తరచుగా కనిపించే పేర్లు రెండు. ఒకటి అమెరికన్ డెంటల్ అసోసియేషన్‌కు చెందిన ఏడీఏ సీఈఆర్‌పీ, రెండోది అకాడమీ ఆఫ్ జనరల్ డెంటిస్ట్రీ వాళ్ల పేస్. ఈ రెండూ గుర్తింపు ఇచ్చేది కోర్సు నిర్వహించే సంస్థకు. సంస్థ పాఠాలను ఎలా రూపొందిస్తోంది, వక్తల ఆర్థిక సంబంధాలను బయటపెడుతోందా, రికార్డులు సరిగ్గా ఉంచుతోందా అని చూస్తాయి. ఒక్కో కోర్సును, ఒక్కో వక్తను తాము ఆమోదించడం లేదని సీఈఆర్‌పీ తన ప్రకటనలోనే రాసుకుంటుంది. ఆ గంటలను రాష్ట్ర బోర్డులు ఒప్పుకుంటాయన్న హామీ కూడా ఇవ్వదు. ఈ వాక్యం దాదాపు ప్రతి బ్రోచర్‌లోనూ ఉంటుంది. చిన్న అక్షరాల్లో, కిందెక్కడో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు.

బ్రిటన్ పద్ధతి మరోలా ఉంటుంది. అక్కడి జనరల్ డెంటల్ కౌన్సిల్ 2018 జనవరి నుంచి కొత్త విధానం తెచ్చింది. డెంటిస్టులు ఐదేళ్లలో 100 గంటలు పూర్తి చేయాలి, వరుసగా ఏ రెండేళ్లు తీసుకున్నా కనీసం 10 గంటలు ఉండాలి. ఎవరికి వారు అభ్యాస ప్రణాళిక రాసుకోవాలి, నేర్చుకున్నది తమ పనికి ఎలా ఉపయోగపడిందో నమోదు చేయాలి. కోర్సులకు ముందస్తు ఆమోదం ఇచ్చే పని మాత్రం కౌన్సిల్ పెట్టుకోలేదు. సర్టిఫికెట్ మీద తేదీ, గంటలు, లక్ష్యాలు లాంటి వివరాలు ఉన్నాయో లేదో చూస్తుంది. విషయం మంచిదా కాదా అన్న బాధ్యత చదివేవాళ్లదే.

అంటే గుర్తింపు ముద్ర ఉంటే సంస్థ ఒక పద్ధతి ప్రకారం నడుస్తోందని అర్థం. అది చిన్న విషయమేమీ కాదు, ముద్ర లేని చోట ఆ మాత్రం హామీ కూడా ఉండదు. కానీ నలభై ఏడో స్లైడ్ మీద ఉన్న మోతాదు సరైనదో కాదో ఆ ముద్ర చెప్పదు.

తేదీ చూడటం ఎందుకు ముఖ్యం

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుండె కవాటాల సమస్య ఉన్న రోగికి పన్ను తీసేముందు, ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్) రాకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం పాత అలవాటు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీని మీద మొదటి సిఫార్సు చేసింది 1955లో. తర్వాత చాలాసార్లు మార్చింది. 2007లో పెద్ద మార్పు వచ్చింది: కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చిన గుండె లోపాలున్నవాళ్లు లాంటి అత్యధిక ప్రమాదం ఉన్న కొద్దిమందికే పరిమితం చేసింది. పెన్సిలిన్ పడనివాళ్లకు ప్రత్యామ్నాయాల జాబితాలో అప్పట్లో క్లిండామైసిన్ 600 మిల్లీగ్రాములు ఉండేది.

2021లో అదే సంస్థ క్లిండామైసిన్‌ను ఆ జాబితాలోంచి తీసేసింది. ఒక్క డోసుతోనే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల పేగుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం మిగతా మందులకంటే ఎక్కువ అన్నది కారణం.

ఇప్పుడు 2019లో రికార్డు చేసిన ఒక వీడియో కోర్సు ఉందనుకోండి. చెప్పినది పేరున్న ప్రొఫెసర్, నిర్వహించినది గుర్తింపు ఉన్న సంస్థ, స్పాన్సర్ ఎవరూ లేరు. చెప్పిన రోజున ప్రతి మాటా సరైనదే. ఆ వీడియో ఈ రోజుకీ క్రెడిట్లు ఇస్తూ ఉంటే, చూసినవాళ్లు మరుసటి రోజు రాసే చీటీలో పాత మందే ఉంటుంది. ఇందులో మోసం లేదు, నిర్లక్ష్యం కూడా పెద్దగా లేదు. కాలం మారింది, వీడియో మారలేదు, అంతే.

అందుకే వక్త ఎవరన్నదానికంటే ముందు, పాఠం ఎప్పటిదో, చివరిసారి ఎప్పుడు సవరించారో చూడాలన్నది నా అభిప్రాయం. కొన్నిసార్లు తేదీ రాయకపోయినా పదజాలమే పట్టిస్తుంది. చిగుళ్ల వ్యాధుల మీద పాఠంలో ‘క్రానిక్ పెరియోడాంటైటిస్’, ‘అగ్రెసివ్ పెరియోడాంటైటిస్’ అని రెండు వేర్వేరు జబ్బులుగా చెబుతుంటే ఆ స్లైడ్లు 1999 వర్గీకరణ నాటివి. 2017లో అమెరికా, యూరప్ పెరియోడాంటాలజీ (చిగుళ్ల వైద్యం) సంస్థలు కలిసి జరిపిన వర్క్‌షాప్ తర్వాత, 2018లో ప్రచురించిన కొత్త వర్గీకరణలో ఆ రెంటినీ కలిపేసి, జబ్బు తీవ్రతకు స్టేజ్, ముదిరే వేగానికి గ్రేడ్ ఇచ్చే పద్ధతి తెచ్చారు. చరిత్ర చెప్పడానికి పాత పదాలు వాడితే సరే. రోగికి పెట్టాల్సిన డయాగ్నసిస్‌గా నేర్పుతుంటే మాత్రం ఆ కోర్సులో ఇంకేమేం పాతవి ఉన్నాయో అని అనుమానించాల్సిందే.

డబ్బు ఎవరిదైతే పాట వాళ్లదేనా?

స్పాన్సర్ల విషయంలో రెండు వాదనలున్నాయి, రెంటిలోనూ బలం ఉంది.

కంపెనీ డబ్బుతో జరిగే విద్యను అసలు లెక్కలోకే తీసుకోకూడదని కొందరంటారు. పచ్చి అబద్ధం చెప్పే వక్తలు తక్కువే. ఏ అంశం మీద మాట్లాడాలి, ఏ కేసు చూపించాలి, ఏ పోలిక వదిలేయాలి అన్న ఎంపికలోనే మొగ్గు దూరుతుందని వీళ్ల వాదన. కొత్త ఇంప్లాంట్ మీద ఎన్ని వెబినార్లయినా దొరుకుతాయి. పాత పద్ధతిలో బ్రష్షింగ్ నేర్పించడం మీద స్పాన్సర్ దొరకడం కష్టం, ఎందుకంటే అక్కడ అమ్మడానికి ఏమీ లేదు. ఇలా కేలండరే ఒక పక్కకు ఒరిగిపోతుంది.

పరికరం గురించి దాన్ని తయారుచేసినవాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు అని రెండో పక్షం అడుగుతుంది. ఫలానా సిమెంట్‌ను ఎన్ని సెకన్లు కలపాలి, ఇంట్రాఓరల్ స్కానర్‌ను ఏ వరుసలో తిప్పితే కొలతలు చెదరవు, రూట్ కెనాల్‌లో తిరిగే రోటరీ ఫైల్‌ను ఎంత టార్క్‌లో (తిప్పే బలంతో) వాడాలి అన్నవి కంపెనీ ట్రైనర్ చెబితేనే సరిగ్గా తెలుస్తాయి. స్పాన్సర్లు లేకపోతే చాలా సమావేశాల ఫీజు చిన్న క్లినిక్‌ల వాళ్లకు అందదు కూడా.

ఈ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఈ వస్తువును ఎలా వాడాలి అంటే కంపెనీ మంచి మూలం. అసలు ఈ వస్తువు కావాలా, దీనికంటే చవకైనది ఇంతే పని చేస్తుందా అంటే కంపెనీని అడగడంలో అర్థం లేదు. ఒకే గంటలో ఈ రెండూ కలిపి చెప్పే కార్యక్రమంతోనే జాగ్రత్తగా ఉండాలి. మొదటి ఇరవై నిమిషాలు జబ్బు ఎంత విస్తృతంగా ఉందో చెప్పి, తర్వాత ఒకే ఒక్క బ్రాండ్ చూపిస్తే అది పాఠం వేషంలో ఉన్న ప్రకటన. మెటీరియల్ పేరు చెప్పాల్సిన చోట బ్రాండ్ పేరు చెబుతున్నారా, ఇబ్బందుల గురించి కనీసం ఒక్క స్లైడ్ ఉందా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది.

మొదట్లో ఒక సెకను మెరిసి మాయమయ్యే ‘డిస్‌క్లోజర్’ స్లైడ్ సంగతి కూడా చెప్పుకోవాలి. వక్తకు ఫలానా కంపెనీలతో సంబంధం ఉందని అక్కడ రాస్తారు. అలా రాసినంత మాత్రాన మొగ్గు పోదు, అలా రాసినవాళ్లంతా అమ్ముడుపోయినవాళ్లూ కారు. ఆ పేర్లు గుర్తుపెట్టుకుని మిగతా గంట వింటే, ఏ మాట దగ్గర చెవి నిక్కించాలో తెలుస్తుంది.

97 శాతం విజయం అంటే ఏమిటి?

లెక్కలు చెప్పే వక్తను చూస్తే అందరికీ గౌరవమే. ఒక ఊహాజనిత ఉదాహరణలో ఆ లెక్కను విప్పి చూద్దాం.

‘మా పద్ధతిలో ఐదేళ్ల విజయం 97 శాతం’ అని స్లైడ్ మీద ఉంది. కింద వివరాలు వెతికితే ఇలా ఉంది: 50 మంది రోగులకు 100 ఇంప్లాంట్లు పెట్టారు. ఐదేళ్ల తర్వాత పరీక్షకు వచ్చినవాళ్ల నోళ్లలో ఉన్నవి 60. వాటిలో 58 స్థిరంగా ఉన్నాయి. 58ని 60తో భాగిస్తే 96.7, దాన్ని 97 చేశారు. మిగతా 40 ఇంప్లాంట్లు ఏమయ్యాయి? తెలియదు. అవన్నీ బాగున్నాయనుకుంటే 98 శాతం, అన్నీ ఊడిపోయాయనుకుంటే 58 శాతం. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. బాధతో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు మళ్లీ ఇక్కడికి రారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. ‘విజయం’ అని రాసినచోట కొలిచింది ‘మనుగడ’ కావచ్చు. ఇంప్లాంట్ నోట్లో ఉంటే చాలు, మనుగడ కింద లెక్క. విజయం అనాలంటే కదలకూడదు, నొప్పి, ఇన్ఫెక్షన్ ఉండకూడదు, చుట్టూ ఎముక నిర్ణీత స్థాయికి మించి అరగకూడదు. 1986లో ఆల్బ్రెక్ట్‌సన్, ఆయన సహచరులు ఇలాంటి ప్రమాణాలు ప్రతిపాదించారు, తర్వాత వాటికి చాలా సవరణలు వచ్చాయి. చీము కారుతూ, సగం ఎముక పోయిన ఇంప్లాంట్ కూడా మనుగడ పట్టికలో దర్జాగా కూర్చుంటుంది.

ఫిల్లింగ్‌ను పంటికి అతికించే బాండింగ్ ఏజెంట్ల పాఠాల్లో ఇలాంటిదే మరొకటి కనిపిస్తుంది. ‘కొత్త తరం అడెసివ్, బాండ్ స్ట్రెంత్ 40 శాతం ఎక్కువ’ అంటారు. అతుకు బలాన్ని మెగాపాస్కల్ అనే యూనిట్‌లో కొలిచే ఈ లెక్కలు తీసేది పీకిన పళ్ల మీద, ఒక్కోసారి పశువుల పళ్ల మీద, చాలావరకు అతికించిన ఒక రోజు తర్వాత. అక్కడ లాలాజలం లేదు, నమలడం లేదు, చిగుళ్ల దగ్గర తడి లేదు. పైగా ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో నేరుగా పోల్చలేం, పరీక్ష పద్ధతిని బట్టి విలువలు చాలా మారిపోతాయి. అదే అడెసివ్‌తో చిగురు దగ్గర అరిగిన పళ్లకు ఫిల్లింగ్ పెట్టి, కొన్నేళ్ల తర్వాత ఎన్ని ఊడకుండా ఉన్నాయో లెక్కపెట్టిన పరిశోధన ఉంటే ఆ మాటకు విలువ ఎక్కువ. ల్యాబ్ పరీక్షలు పనికిరానివని కాదు. ఏ మెటీరియల్‌ను రోగుల మీద పరీక్షించాలో అవే చెబుతాయి. రోగి విషయంలో తుది మాట చెప్పడం వాటి పని కాదు.

వెతకాల్సిన చోట్లు, వాటి పరిమితులు

ఒక అంశం మీద ఉన్న పరిశోధనలన్నిటినీ ఒక పద్ధతిలో వెతికి, నాణ్యత తూచి, కలిపి చెప్పే వ్యాసాన్ని సిస్టమాటిక్ రివ్యూ అంటారు. ఇందులో కాక్రేన్ సంస్థ పేరు ముందుంటుంది. తన రివ్యూలకు కంపెనీల డబ్బు తీసుకోదు. నోటి ఆరోగ్యం మీద కూడా దాని రివ్యూలున్నాయి. రివ్యూల ఆధారంగా ‘ఇలా చేయండి’ అని చెప్పేవి క్లినికల్ గైడ్‌లైన్లు. చిగుళ్ల వ్యాధి చికిత్స మీద యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పెరియోడాంటాలజీ 2020లో తెచ్చింది ఈ కోవలోదే. స్కాట్లాండ్‌లో దంతవైద్యులకు మార్గదర్శకాలు తయారుచేసే ఎస్‌డీసీఈపీ గైడ్‌లైన్లు ఉచితం, రోజూ క్లినిక్‌లో కూర్చునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉంటాయి.

జర్నల్ వ్యాసాల విషయంలో ‘పబ్‌మెడ్‌లో ఉంది’ అన్న మాటను చాలామంది నాణ్యతా ముద్రగా తీసుకుంటారు. పబ్‌మెడ్ అనేది వైద్య పరిశోధన వ్యాసాలను వెతికే యంత్రం. దాని లోపల మెడ్‌లైన్ అనే భాగం ఉంది, అందులోకి జర్నల్‌ను ఒక కమిటీ పరిశీలించి తీసుకుంటుంది. పరిశోధనకు ప్రభుత్వ నిధులు అందిన కారణంగా విడిగా జమచేసిన వ్యాసాలు కూడా పబ్‌మెడ్‌లో కనిపిస్తాయి, వాటి జర్నల్ మెడ్‌లైన్‌లో లేకపోయినా సరే. తేడా తెలుసుకోవాలంటే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే చాలు, ఇప్పుడు మెడ్‌లైన్‌లో ఉందో లేదో చెబుతుంది. డబ్బు కడితే ఏ సమీక్షా లేకుండా వ్యాసం వేసేసే జర్నళ్లకు ‘ప్రిడేటరీ’ అని పేరు పెట్టింది కొలరాడోకు చెందిన లైబ్రేరియన్ జెఫ్రీ బీల్. ఆయన నడిపిన జాబితా 2017 జనవరిలో ఆగిపోయింది. ఇప్పటికీ దాని పాత కాపీలను పట్టుకుని తీర్పులు చెప్పేవాళ్లున్నారు.

సోషల్ మీడియాలో వచ్చే ‘ముందు, తర్వాత’ ఫొటోల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పంటి ముందు వైపు అతికించే పలుచని పొర, అంటే వెనీర్, అతికించిన రోజు ప్రతిదీ అందంగానే ఉంటుంది. ఐదేళ్ల తర్వాతి ఫొటో పెట్టేవాళ్లు ఉంటే ఫాలో అవ్వొచ్చు. ఏఐ చాట్‌బాట్లు ఇచ్చే జవాబుల్లో లేని వ్యాసాలను కూడా ఉన్నట్టు చూపించే జబ్బు ఉంది కాబట్టి, ఇచ్చిన రిఫరెన్సును తెరిచి చూసేదాకా అది రిఫరెన్సు కాదు.

ఆధారాలు తడబడే చోట

అసలు కష్టం మంచి మూలాలు దొరికాక మొదలవుతుంది.

పళ్ల మీద గార గీకి, నున్నగా చేసే స్కేలింగ్, పాలిషింగ్ సంగతి చూడండి. 2018 కాక్రేన్ రివ్యూ ప్రకారం, క్రమం తప్పకుండా డెంటిస్టు దగ్గరికి వెళ్తూ, తీవ్రమైన చిగుళ్ల వ్యాధి లేని పెద్దవాళ్లలో, ఆరు నెలలకోసారి చేసినా, ఏడాదికోసారి చేసినా, అసలు చేయకపోయినా రెండు మూడేళ్లలో చిగుళ్ల వాపు, రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గార మాత్రం కొద్దిగా తగ్గింది. దీన్ని ‘స్కేలింగ్ దండగ’ అని చదివినవాళ్లున్నారు, ‘కాక్రేన్‌కు క్లినిక్ తెలియదు’ అని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఆ పరిశోధనలు ఎవరి మీద జరిగాయో, ఫలితం వాళ్లకే వర్తిస్తుంది. పన్నుకూ చిగురుకూ మధ్య లోతైన సందులు (పాకెట్లు) ఉన్న రోగి ఆ పరిశోధనల్లో లేడు.

గైడ్‌లైన్ల మధ్య కూడా పొత్తు కుదరదు. మనం పైన చెప్పుకున్న ఎండోకార్డైటిస్ విషయంలోనే అమెరికా వాళ్లు అత్యధిక ప్రమాదం ఉన్నవాళ్లకు యాంటీబయాటిక్ ఇవ్వమంటుంటే, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో ఎవరికీ వద్దంది. 2016లో ఆ వాక్యంలో ‘మామూలుగా’ అన్న ఒక్క మాట చేర్చింది, అంటే మామూలుగా అందరికీ వద్దు, ప్రత్యేక సందర్భాల్లో ఆలోచించొచ్చు అని. ఇద్దరూ దాదాపు ఒకే పరిశోధనలు చదివారు. అనిశ్చితి ఉన్నప్పుడు ఏ ప్రమాదాన్ని ఎక్కువగా చూడాలన్న దగ్గర విడిపోయారు. ఇలాంటి అంశం మీద పాఠం చెబుతూ ఒక్క గైడ్‌లైనే ఉన్నట్టు మాట్లాడే వక్త సగమే చెప్పినట్టు.

ఇక పరిశోధనలే లేని చోట అనుభవానికి విలువ లేదా? ఉంది. నార్నా హాల్ అనే స్కాట్లాండ్ డెంటిస్టు పిల్లల పాల దంతాలకు మత్తు ఇవ్వకుండా, పుచ్చు గీకకుండా, స్టీలు క్రౌన్‌ను (పంటి తొడుగును) నేరుగా అతికించేసేవారు. పాఠ్యపుస్తకాల ప్రకారం అది కూడని పని. కానీ ఆమె రికార్డులు జాగ్రత్తగా ఉంచారు. వాటిని చూసిన పరిశోధకులు ఏ పంటికి ఏ చికిత్స చేయాలో యాదృచ్ఛికంగా కేటాయించి పరీక్ష జరిపి 2007లో ఫలితాలు ప్రచురించారు. మామూలు ఫిల్లింగులకంటే ఈ పద్ధతే మెరుగ్గా నిలిచింది. ఈ రోజు హాల్ టెక్నిక్ గైడ్‌లైన్లలో ఉంది. ఒక డాక్టర్ అనుభవం మూలంగా మారింది రికార్డుల వల్ల, ఎవరైనా పరీక్షించి చూసుకునే వీలు ఉండటం వల్ల. ‘ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, ఒక్కటీ ఫెయిల్ కాలేదు’ అనే వక్త దగ్గర అలాంటి రికార్డులుంటే వినాల్సిందే. లేకపోతే అది ధీమా మాత్రమే.

విన్నది చేతికి దిగుతుందా?

విషయం సరైనదైనా, విన్న పద్ధతి వల్ల అది చికిత్సలోకి రాకపోవచ్చు. వైద్యరంగంలో సమావేశాలు, వర్క్‌షాపుల ప్రభావం మీద 2021లో సవరించిన కాక్రేన్ రివ్యూ ఉంది. వాటికి హాజరైనవాళ్లు సిఫార్సు చేసిన పద్ధతిని పాటించడంలో కనిపించిన మెరుగుదల మధ్యగత విలువ (మీడియన్) సుమారు 7 శాతం పాయింట్లు. ఉదాహరణకు అంతకుముందు వందలో 50 సందర్భాల్లో సరిగ్గా చేస్తుంటే, కోర్సు తర్వాత 57 అవుతుంది. బ్రోచర్లు ఊరించేంత పెద్దది కాదు, తీసిపారేసేంత చిన్నదీ కాదు.

మరి ఏ కోర్సు కావాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవడం? అక్కడా ఒక గోతి ఉంది. డాక్టర్లు తమ సామర్థ్యాన్ని తాము వేసుకున్న అంచనా, బయటివాళ్లు కొలిచిన దానితో ఎంత కలుస్తుందో 2006లో జామా అనే వైద్య జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష చూసింది. 20 పోలికల్లో 13చోట్ల పొంతన తక్కువగా ఉంది, లేదా అసలు లేదు, లేదా తలకిందులుగా ఉంది. నైపుణ్యం తక్కువ ఉన్నవాళ్లలోనే ధీమా ఎక్కువ కనిపించింది. మనకు ఇష్టమైన సబ్జెక్టులో కోర్సు మీద కోర్సు చేస్తూ పోవడం, రాని సబ్జెక్టు జోలికి వెళ్లకపోవడం ఇందుకే. రూట్ కెనాల్ బాగా చేసేవాళ్లు మళ్లీ రూట్ కెనాల్ కోర్సుకే వెళ్తారు. మెడికల్ ఎమర్జెన్సీ క్లాసులో కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

అందుకని కొందరు తమ కేసు షీట్ల నుంచే మొదలుపెడతారు. గడిచిన ఏడాదిలో తిరిగి చేయాల్సి వచ్చిన ఫిల్లింగులు, ఊడిన క్రౌన్లు, స్పెషలిస్టుకు పంపిన కేసులు, మళ్లీ తీయాల్సి వచ్చిన ఎక్స్‌రేలు ఒక కాగితం మీద రాస్తే ఏ పేరు ఎక్కువసార్లు వస్తుందో కనిపిస్తుంది. ఎక్స్‌రేలే ఎక్కువగా పాడవుతుంటే ఉచిత ఇంప్లాంట్ వెబినార్‌లో కూర్చోవడం కంటే, సెన్సార్‌ను నోట్లో ఏ కోణంలో పెట్టాలో పక్కన నిలబడి సరిదిద్దే సగం పూట శిక్షణ ఎక్కువ పనికొస్తుంది. దానికి క్రెడిట్లు ఎన్నొస్తాయన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.